తిరిగి పరిగెత్తిన వింగర్: రొబెర్తో దొనడోని ఆట, శిక్షణ

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు, వాటితోపాటు మీ జట్టు వింగర్లకు చూపించడానికి ఏదైనా చెప్పమన్నారు. ఆటగాడిగా ఆరు ఇటలీ లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు (యూరప్ క్లబ్‌ల అగ్ర పోటీ) అందుకున్న రొబెర్తో దొనడోని కోచ్‌గా ఒక్క ట్రోఫీ కూడా ఎందుకు గెలవలేకపోయారన్నది మొదటిది. మైదానం అంచున ఆడే వింగర్‌కు ఆట సగమే కనిపిస్తుంది కాబట్టి వింగర్లు మంచి కోచ్‌లు కాలేరని మీ సీనియర్ ఒకరు అన్న మాట నిజమేనా అన్నది రెండోది. రెండింటికీ జవాబు ఒకచోటే ఉందని నా నమ్మకం. అందుకే రెండింటినీ కలిపి, కొంచెం విస్తరంగానే రాస్తున్నాను.

నేను 1990 ప్రపంచకప్ నుంచి ఇటలీ ఫుట్‌బాల్‌ను విడవకుండా చూస్తున్నాను, ఇరవై ఏళ్లకు పైగా కాలేజీ కుర్రాళ్లకు ఆట నేర్పుతున్నాను. ఈ రెండు అనుభవాల నుంచి చెబుతున్నాను: దొనడోని విఫలమైన కోచ్ కారు. ఆయనకు దక్కిన ఉద్యోగాలన్నీ దాదాపు ఒకే రకానికి చెందినవి. ఇంకొకరి చేతిలో చెదిరిపోయిన జట్టును సీజన్ మధ్యలో అందుకుని, కూలిపోకుండా నిలబెట్టడమే ఆయన పని. ఆ పనిలో ఆయన చాలాసార్లు నెగ్గారు, కానీ అలాంటి పనికి ఎవరూ కప్పు ఇవ్వరు. ఆ పని ఆయనకు ఎలా అబ్బిందో తెలియాలంటే ఆయన ఆడిన స్థానం ఎలాంటిదో ముందు తెలియాలి.

ఇటలీలో వింగర్లను రెండు పేర్లతో పిలుస్తారు. 'ఆలా' అంటే రెక్క. అంచు వెంట ముందుకు దూసుకెళ్లి, బంతిని గోల్ ముందుకు అందించేవాడు. 'తొర్నాంతే' అంటే తిరిగి వచ్చేవాడు. దాడి తెగిపోగానే అదే గీత వెంట వెనక్కి పరిగెత్తి, తన వెనకున్న డిఫెండర్‌కు తోడుగా నిలబడేవాడు. 1960లలో ఇంటర్, కల్యారి జట్లకు ఆడిన ఆంజెలో దొమెంగీని ఈ రెండో రకానికి పేరుపొందిన ఉదాహరణ. ఆయనది బెర్గమో జిల్లా, మొదట ఆడింది అటలాంతా క్లబ్‌కు. 1963 సెప్టెంబర్ 9న చిజానో బెర్గమాస్కోలో పుట్టిన దొనడోనిదీ అదే జిల్లా, ఆయన మొదటి క్లబ్బూ అదే. పైకీ కిందికీ అలుపు లేకుండా పరిగెత్తే వింగర్లను ఆ నేల ఒకరి తర్వాత ఒకరిని ఇచ్చింది.

1982 నుంచి నాలుగేళ్లు ఆయన అటలాంతాకు ఆడారు. 1983–84లో ఆ జట్టు ఇటలీ రెండో శ్రేణి లీగ్ అయిన సెరీ బి గెలిచి పై లీగ్‌లోకి వచ్చింది. 1986లో సిల్వియో బెర్లుస్కోని మిలాన్ క్లబ్‌ను చేతిలోకి తీసుకోగానే కొన్న తొలి ఆటగాళ్లలో దొనడోని ఒకరు. ఆ మరుసటి ఏడాది, 1987లో, అరిగో సాక్కి కోచ్‌గా వచ్చారు. అక్కడి నుంచి దొనడోని చదువు మొదలైందనే చెప్పాలి.

సాక్కి శిక్షణలో ఒక విచిత్రమైన అభ్యాసం ఉండేది. పదకొండు మందీ మైదానంలో తమ తమ స్థానాల్లో నిలబడతారు, బంతి మాత్రం ఉండదు. బంతి ఇప్పుడు ఫలానా చోట ఉందని సాక్కి కేక వేస్తే, లేని ఆ బంతికి తగ్గట్టుగా అందరూ ఒక్కసారిగా జరగాలి. మొదటి డిఫెండర్‌కూ చివరి ఫార్వర్డ్‌కూ మధ్య దూరం పాతిక మీటర్లకు మించకూడదు. ఇందులో అందరికన్నా కష్టం వింగర్‌దే. బంతి అవతలి అంచున ఉంటే ఇవతలి వింగర్ మధ్యకు దగ్గరగా రావాలి, ఇటు తిరిగిన మరుక్షణం మళ్లీ గీత దగ్గరికి విప్పారాలి, బంతి పోతే వెనక్కి, దొరికితే ముందుకు పోవాలి. కుడివైపు వెనక నుంచి డిఫెండర్ మౌరో తస్సొట్టి పరిగెత్తుకుంటూ వస్తే ఆయనకు దారి ఇవ్వడానికి దొనడోని లోపలికి జరిగేవారు, తస్సొట్టి పైనే ఉండిపోతే ఆయన చోటును తానే కాపాడేవారు. నేను నా కుర్రాళ్లతో ఈ బంతి లేని అభ్యాసం చేయించినప్పుడల్లా మొదట అలసిపోయేది వింగర్లే. జట్టు ఆకారం మీద మొదట పట్టు దొరికేది కూడా వాళ్లకే.

దొనడోని రెండు కాళ్లతోనూ సమానంగా ఆడగలిగేవారు కాబట్టి కోచ్‌లు ఆయనను కుడికీ ఎడమకూ, అవసరమైతే మధ్యకూ మార్చుకునేవారు. అందుకే మిలాన్‌లో కోట్లు పోసి కొత్త తారలను తెచ్చినా ఆయనకు చోటు పోలేదు. గోల్స్ మాత్రం తక్కువ. ఇటలీ జాతీయ జట్టుకు 63 మ్యాచ్‌లు ఆడితే కొట్టినవి 5. లెక్కలు మాత్రమే చూసేవాళ్లకు ఆయన గొప్పతనం కనబడకపోవడానికి కారణం ఇదే.

1988 నవంబర్‌లో బెల్‌గ్రేడ్‌లో జరిగిన సంఘటన చెప్పకుండా ఆయన కథ ముందుకు సాగదు. యూరోపియన్ కప్ రెండో రౌండ్‌లో రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్‌తో మిలాన్ సొంత మైదానంలో 1–1తో సరిపెట్టుకుంది. నవంబర్ 9న బెల్‌గ్రేడ్‌లో రెండో మ్యాచ్. దేయాన్ సవిచెవిచ్ గోల్‌తో రెడ్ స్టార్ 1–0తో ముందుంది, మిలాన్ జట్టులో విర్దిస్ రెడ్ కార్డుతో బయటికి వెళ్లాడు, అంటే మిలాన్ కథ ఇంచుమించు ముగిసింది. అప్పుడు కమ్మిన పొగమంచు ఎంత దట్టమైనదంటే రెఫరీ ఆటను ఆపేయాల్సి వచ్చింది. నియమం ప్రకారం మర్నాడు మ్యాచ్‌ను 0–0 నుంచి మళ్లీ ఆడించారు. ఆ రెండో రోజు ప్రత్యర్థి డిఫెండర్‌తో ఢీకొని దొనడోని స్పృహ లేకుండా నేల మీద పడిపోయారు. ఊపిరి ఆడలేదు. రెడ్ స్టార్ జట్టు వైద్యుడు పరిగెత్తుకు వచ్చి, బిగుసుకుపోయిన దవడను బలవంతంగా విరిచి తెరిచి గాలి లోపలికి పోయే దారి చేశారు. ప్రాణం నిలిచింది. తనను ఓడించడానికి నిలబడిన జట్టు వైద్యుడే తనను బతికించాడు. మిలాన్ ఆ మ్యాచ్‌ను పెనాల్టీల్లో గెలిచి ముందుకెళ్లింది, దొనడోని ఆస్పత్రికి వెళ్లారు.

అయిదు నెలలు గడిచాయి. 1989 ఏప్రిల్ 19న సాన్ సిరో మైదానంలో సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో మిలాన్ రియల్ మాడ్రిడ్‌ను 5–0తో ఓడించింది. అంచెలోట్టి, రైకార్డ్, గులిట్, వాన్ బాస్టెన్ తలొక గోల్ కొట్టాక, అయిదోది దొనడోని కొట్టారు. మే 24న బార్సెలోనాలో ఫైనల్‌లో స్టేవా బుకారెస్ట్ మీద 4–0తో గెలిచినప్పుడు ఆయన ఎడమ అంచున ఆడారు. ఆ రెండు మ్యాచ్‌ల్లో మిలాన్ ఆడిన ఆటను మించిన జట్టు ఆట నేను ఇప్పటికీ చూడలేదు.

ఇక 1990. ప్రపంచకప్ ఇటలీలో. క్వార్టర్ ఫైనల్‌లో ఐర్లాండ్ మీద దొనడోని దూరం నుంచి కొట్టిన బలమైన షాట్‌ను గోల్‌కీపర్ బోనర్ పట్టలేక తడబడి పక్కకు నెట్టితే, అది స్కిలాచి కాళ్ల ముందుకు వచ్చింది, ఆయన గోల్ చేశాడు. పత్రికలన్నీ స్కిలాచి పేరే రాశాయి, రాయాల్సిందే కూడా. జూలై 3న నేపుల్స్‌లో అర్జెంటీనాతో సెమీఫైనల్. మన దగ్గర అర్ధరాత్రి దాటాక పెనాల్టీలు మొదలయ్యాయి. నేపుల్స్ అంటే మారడోనా క్లబ్ మ్యాచ్‌లు ఆడే ఊరు, ఆయన సొంత మైదానం. మ్యాచ్ 1–1తో ముగిసింది. బరేసి, బాజియో, దె అగొస్తీని ముగ్గురూ గోల్ చేశారు, అర్జెంటీనా వైపు ముగ్గురూ చేశారు. నాలుగో వంతు దొనడోనిది. అర్జెంటీనా గోల్‌కీపర్ గోయ్‌కొచియా దాన్ని ఆపేశాడు. మారడోనా వచ్చి తనది వేశాడు, ఆ తర్వాత సెరేనా కొట్టినది కూడా గోయ్‌కొచియా ఆపాడు. ఇటలీ ఆశ అక్కడే ఆగిపోయింది. ఆ రాత్రి టీవీ ముందు నేను ఏడ్చాను. దొనడోని ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఫాబియో కపెల్లో కోచ్‌గా వచ్చాక మిలాన్ 1991–92 లీగ్‌ను ఒక్క ఓటమి లేకుండా గెలిచింది, 1991 నుంచి 1993 దాకా వరుసగా 58 లీగ్ మ్యాచ్‌ల్లో ఓడలేదు. దొనడోని ఆ జట్టులో ఉన్నారు. కానీ నేను మిమ్మల్ని ఆపి చూడమనేది 1994 మే 18న ఏథెన్స్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ (యూరోపియన్ కప్ కొత్త పేరు) ఫైనల్. మిలాన్ డిఫెండర్లు బరేసి, కోస్తాకుర్తా ఇద్దరూ నిషేధంతో దూరమయ్యారు. ఎదురుగా కోచ్ క్రైఫ్ తీర్చిదిద్దిన బార్సెలోనా ఉంది. మిలాన్ 4–0తో గెలిచింది. మొదటి సగం ముగిసే క్షణంలో వచ్చిన రెండో గోల్ దొనడోని పనితనమే. ఎడమ అంచు వెంట బంతిని గోల్ గీత దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి వెనక్కి, పరిగెత్తుకొస్తున్న మస్సారో ఎడమ కాలికి అందించారు. ఆ సమయంలో ఆయనకు ముప్పై దాటింది. రెండో సగం మొదలవగానే మూడో గోల్ కొట్టింది సవిచెవిచ్. బెల్‌గ్రేడ్ పొగమంచులో మిలాన్ కథ ముగించబోయిన ఆ సవిచెవిచే ఇప్పుడు దొనడోని పక్కన ఆడుతున్నాడు.

అదే ఏడాది అమెరికాలో ప్రపంచకప్, సాక్కి జాతీయ జట్టు కోచ్. న్యూజెర్సీలోని జెయింట్స్ స్టేడియంలో బల్గేరియాతో సెమీఫైనల్‌లో బాజియో కొట్టిన మొదటి గోల్, దొనడోని చేతులతో విసిరిన త్రో నుంచి మొదలైంది. ఫైనల్‌లో బ్రెజిల్ మీద 120 నిమిషాలూ ఆయన ఆడారు. మ్యాచ్ 0–0. పెనాల్టీలు వేసిన అయిదుగురిలో ఆయన లేరు. ఇటలీ మళ్లీ పెనాల్టీల్లోనే ఓడింది.

1996లో ఆయన మిలాన్ విడిచి, అప్పుడే మొదలైన అమెరికా లీగ్‌లో మెట్రోస్టార్స్ జట్టుకు వెళ్లారు. ఆ జట్టు సొంత మైదానం అదే జెయింట్స్ స్టేడియం. తొలి సీజన్ ఉత్తమ పదకొండు మందిలో ఆయనకు చోటు దక్కింది. ఆ రోజుల్లో ఆ లీగ్‌లో డ్రా అన్నదే ఉండేది కాదు. సమమైన మ్యాచ్‌ను 35 గజాల దూరం నుంచి బంతితో పరిగెత్తి గోల్‌కీపర్‌ను ఒంటరిగా ఎదుర్కొనే పోటీతో తేల్చేవారు. తర్వాత మళ్లీ మిలాన్‌కు వచ్చి 1998–99 టైటిల్ జట్టులో ఉన్నారు. చివరిగా జిద్దాలోని అల్ ఇత్తిహాద్‌కు ఆడి 2000లో ఆట విడిచారు.

ఇప్పుడు మీ సీనియర్ చెప్పిన మాట దగ్గరికి వస్తాను. మధ్య మైదానంలో ఆడేవాడికి చుట్టూ ఆట కనబడుతుంది కాబట్టి కోచ్‌గా రాణిస్తాడన్న వాదంలో కొంత నిజం ఉంది. దొనడోనితో కలిసి ఆడిన అంచెలోట్టి దానికి పెద్ద ఉదాహరణ. కానీ వింగర్‌కు ఒక సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అతని వీపు గీత వైపు ఉంటుంది, ముఖం మైదానం వైపు ఉంటుంది. అంటే వెనక నుంచి వచ్చే ప్రమాదం లేకుండా మొత్తం ఆటను ఒక పక్క నుంచి చూస్తాడు, కోచ్ నిలబడి చూసేది కూడా ఆ పక్క నుంచే. పైగా ఒక సగం ఆటంతా అతను సొంత బెంచీకి నాలుగడుగుల దూరంలో ఆడతాడు. కోచ్ కేకలన్నీ ముందు పడేది అతని చెవినే. నా జట్ల నుంచి ఆట ముగిశాక శిక్షణ వైపు వచ్చిన కుర్రాళ్లలో ఇద్దరు వింగర్లే. ఎప్పుడూ ముందుకే పరిగెత్తే వింగర్ గురించి మీ సీనియర్ మాట నిజం కావచ్చు. తిరిగి వచ్చేవాడి విషయంలో అది నిలవదు, ఎందుకంటే వెనక్కి పరిగెత్తేవాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న 'ఇప్పుడు ఎక్కడ ఖాళీ ఉంది?' అన్నదే. కోచ్ రోజూ వేసుకునే ప్రశ్నా అదే.

దొనడోని శిక్షణ కింది మెట్టు నుంచే మొదలైంది. 2001లో మూడో శ్రేణిలోని లెక్కో, తర్వాత సెరీ బిలో లివోర్నో, ఆపైన 2003లో కొన్ని వారాలకే ముగిసిన జెనోవా ఉద్యోగం. 2005 జనవరిలో లివోర్నో మళ్లీ పిలిచింది. ఆ క్లబ్ 55 ఏళ్ల తర్వాత పై లీగ్ అయిన సెరీ ఎలోకి వచ్చిన సీజన్ అది, భయం అంతా కిందికి జారిపోవడం గురించే. దొనడోని ఆ జట్టును తొమ్మిదో స్థానంలో నిలిపారు, ఫార్వర్డ్ క్రిస్తియానో లుకరెల్లి 24 గోల్స్‌తో లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచాడు. మరుసటి సీజన్‌లో, 2006 ఫిబ్రవరిలో, జట్టు ఆరో స్థానంలో ఉండగా యాజమాన్యం బహిరంగంగా విమర్శించడంతో ఆయనే రాజీనామా చేసి వెళ్లిపోయారు.

అయిదు నెలల తర్వాత, 2006 జూలైలో, ఇటలీ ప్రపంచ విజేత అయిన వారం లోపే, మార్చెల్లో లిప్పి తప్పుకోగా జాతీయ జట్టు ఆయన చేతికి వచ్చింది. చూసేవాళ్లకు అది అందలం. ఆటలో ఉన్నవాళ్లకు అంతకన్నా కష్టమైన ఉద్యోగం ఉండదని తెలుసు. మ్యాచ్‌ల ఫిక్సింగ్ కుంభకోణంతో యువెంటస్ సెరీ బికి పడిపోయింది, ఫుట్‌బాల్ సమాఖ్య బయటి నుంచి నియమించిన కమిషనర్ పాలనలో ఉంది, ఆటగాళ్లు గెలిచి అలసిపోయి ఉన్నారు. మొదటి మ్యాచ్‌లో క్రొయేషియా చేతిలో 0–2, తర్వాత యూరో (యూరప్ దేశాల టోర్నీ) అర్హత పోటీల్లో లిథువేనియాతో సొంత గడ్డ మీద 1–1, ఆపై పారిస్‌లో ఫ్రాన్స్ చేతిలో 1–3. పత్రికలు అప్పుడే ఆయన ఉద్యోగం పోయిందని రాశాయి. 2007లో తొత్తి, నెస్తా ఇద్దరూ జాతీయ జట్టుకు ఇక ఆడబోమన్నారు. ఇంత చెదిరిన జట్టుతో ఆయన మిగిలిన అర్హత మ్యాచ్‌ల్లో ఒక్కటి కూడా ఓడకుండా, ఫ్రాన్స్‌ను, స్కాట్లండ్‌ను వెనక్కి నెట్టి గ్రూపులో మొదటి స్థానం తెచ్చారు.

ఆ ప్రయాణంలో నిర్ణయాత్మకమైనది 2007 నవంబర్ 17న గ్లాస్గోలో స్కాట్లండ్‌తో ఆడిన మ్యాచ్. స్కాట్లండ్ అప్పటికే ఫ్రాన్స్‌ను రెండుసార్లు ఓడించింది, హాంప్డెన్ పార్క్ హోరెత్తిపోతోంది. రెండో నిమిషంలోనే లూకా తోని గోల్, అరగంటకు పైగా స్కాట్లండ్ ఒత్తిడి, 65వ నిమిషంలో సమం. 90 నిమిషాలు ముగిశాక కలిపిన సమయంలో పిర్లో వేసిన ఫ్రీకిక్‌కు పనూచ్చి తల ఆనించి గెలిపించాడు. ఆ ఫ్రీకిక్ ఇటలీకి ఇవ్వాల్సింది కాదని స్కాట్లండ్ వాళ్లు నేటికీ అంటారు, రీప్లే చూస్తే వాళ్ల బాధలో న్యాయం ఉంది.

యూరో 2008కు ముందే కెప్టెన్ కన్నవారో గాయపడి దూరమయ్యాడు. మొదటి మ్యాచ్‌లో నెదర్లాండ్స్ చేతిలో 0–3 ఓటమి, రుమేనియాతో 1–1. ఆ రెండో మ్యాచ్ చివర్లో రుమేనియా ఆటగాడు ముటు పెనాల్టీని ఇటలీ గోల్‌కీపర్ బుఫోన్ ఆపకపోతే ఇటలీ అప్పుడే ఇంటికి వెళ్లేది. ఫ్రాన్స్‌ను 2–0తో ఓడించి క్వార్టర్ ఫైనల్‌కు చేరినా, ఆ మ్యాచ్‌లో పడిన ఎల్లో కార్డుల వల్ల పిర్లో, గత్తూజో ఇద్దరూ తర్వాతి మ్యాచ్‌కు లేకుండా పోయారు. ఎదురుగా స్పెయిన్. జూన్ 22న వియన్నాలో 120 నిమిషాలు 0–0. పెనాల్టీల్లో దె రొస్సి, ది నతాలె కొట్టినవి స్పెయిన్ గోల్‌కీపర్ కసియాస్ ఆపాడు. నేపుల్స్ రాత్రి తర్వాత పద్దెనిమిదేళ్లకు, ఈసారి గీత బయట నిలబడి, దొనడోని అదే శిక్షను మళ్లీ అనుభవించారు. నాలుగు రోజులకే ఆయనను తప్పించి లిప్పిని వెనక్కి పిలిచారు.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఆ టోర్నీలో స్పెయిన్ ఆడిన ఆరు మ్యాచ్‌ల్లో పెనాల్టీలు లేకుండా ఓడించలేకపోయిన జట్టు ఇటలీ ఒక్కటే. ఇక లిప్పి రెండోసారి నడిపిన జట్టు 2010 ప్రపంచకప్‌లో పరాగ్వే, స్లొవేకియా, న్యూజిలాండ్ ఉన్న గ్రూపులో ఒక్క మ్యాచ్ కూడా గెలవక చివరి స్థానంలో నిలిచింది. రెండు పెనాల్టీలు లోపలికి వెళ్లి ఉంటే దొనడోని గురించి మీరు ఇవాళ ఈ ప్రశ్న అడిగేవారు కాదేమో. ఆ జట్టు దాడిలో మాత్రం లోటు ఉంది, దాన్ని నేను కప్పిపుచ్చను. స్పెయిన్ మీద ఇటలీ గోల్ చేయడానికి కన్నా గోల్ పడకుండా ఉండడానికే ఆడింది, ఆ ఎంపిక కోచ్‌దే.

నేపుల్స్ క్లబ్ అయిన నాపొలిలో మాత్రం ఆయన నిజంగా విఫలమయ్యారని నేను అంగీకరిస్తాను. 2009 మార్చిలో వచ్చారు, వేసవిలో క్వాల్యరెల్లా వంటి ఆటగాడిని కొనిచ్చారు, హామ్షిక్, లవెత్సి అప్పటికే ఉన్నారు. అయినా అక్టోబర్‌లో ఉద్యోగం పోయింది, అదే జట్టును వాల్తెర్ మజ్జర్రి ఆ సీజన్‌లోనే ఆరో స్థానానికి చేర్చారు. అక్కడ దొనడోనికి సమయం కొంత దొరికింది, మంచి ఆటగాళ్లూ దొరికారు. ఆ జట్టుకు ఒక స్పష్టమైన రూపం ఇవ్వలేకపోయింది ఆయనే. 2010 నవంబర్‌లో కల్యారి జట్టును అందుకుని కింది లీగ్‌కు జారకుండా కాపాడితే, కొత్త సీజన్ మొదలుకాకముందే అక్కడా తప్పించారు.

పార్మా సంగతి వేరు. కోచ్‌గా ఆయన విలువ తెలియాలంటే పార్మాలోని మూడున్నర ఏళ్లే చూడాలి. 2012 జనవరిలో, మళ్లీ సీజన్ మధ్యలోనే, ఆయన అక్కడికి వెళ్లారు. ఆ సీజన్ చివరి ఏడు మ్యాచ్‌లూ వరుసగా గెలిచి జట్టు ఎనిమిదో స్థానానికి చేరింది. 2013–14లో 17 లీగ్ మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడింది. ఆ జట్టు నుంచి పలెత్తా, పరోలో, కస్సానో ముగ్గురూ ఆ ఏడాది ఇటలీ ప్రపంచకప్ జట్టుకు ఎంపికయ్యారు. చివరి రోజు పార్మా లివోర్నోను 2–0తో ఓడించింది. అదే సమయానికి ఫ్లోరెన్స్‌లో, అదే ఆరో స్థానానికి పోటీపడుతున్న తొరీనో ఆటగాడు చెర్చి చివరి నిమిషాల్లో కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ ఆపేశాడు. అలా పార్మా ఆరో స్థానంతో యూరోపా లీగ్‌కు (యూరప్ క్లబ్‌ల రెండో స్థాయి పోటీ) అర్హత పొందింది. పెనాల్టీ ఒకటి ఆయన వైపు తిరిగిన రోజు అది. ఆ సంతోషమూ నిలవలేదు. క్లబ్ ఆటగాళ్ల జీతాల మీద పన్ను సకాలంలో కట్టలేదన్న కారణంతో యూరోపా లైసెన్సు నిరాకరించారు, ఆ చోటు తొరీనోకే వెళ్లింది.

మరుసటి సీజన్ క్లబ్ మునిగిపోయింది. యాజమాన్యం రెండుసార్లు చేతులు మారింది, రెండుసార్లూ ధర ఒక్క యూరో. ఆటగాళ్లకు నెలల తరబడి జీతాలు లేవు. కస్సానో ఒప్పందం రద్దు చేసుకుని వెళ్లిపోయాడు. 2015 ఫిబ్రవరిలో ఉదినేజెతో సొంత మైదానంలో జరగాల్సిన మ్యాచ్ వాయిదా పడింది, కారణం స్టేడియం భద్రతా సిబ్బందికి ఇవ్వడానికి క్లబ్ దగ్గర డబ్బు లేకపోవడం. మార్చిలో కోర్టు క్లబ్ దివాళా తీసిందని ప్రకటించింది. జట్టుకు పాయింట్ల కోత పడింది, పట్టికలో చివరి స్థానం ఖాయమైంది. కోచ్ వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టని పరిస్థితి అది. దొనడోని వెళ్లలేదు. కెప్టెన్ అలెస్సాండ్రో లుకరెల్లి కూడా వెళ్లలేదు. లివోర్నోలో దొనడోని కింద గోల్స్ వర్షం కురిపించిన క్రిస్తియానో తమ్ముడే ఈయన. రోజూ శిక్షణ సాగింది. ఏప్రిల్ 11న, ఆ సీజన్ లీగ్ గెలిచి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లిన యువెంటస్‌ను ఈ జీతాలు లేని జట్టు జొసె మౌరి గోల్‌తో 1–0తో ఓడించింది.

నేను కోచ్‌గా ఎప్పుడో ఒకసారి ఇలాంటి పరిస్థితిని చిన్న స్థాయిలో చూశాను. పోటీలకు వెళ్లాల్సిన వారం ముందు ప్రయాణ ఖర్చులు ఆగిపోయాయి, కుర్రాళ్లలో సగం మంది మైదానానికి రావడం మానేశారు. వచ్చిన సగం మందితో మామూలు సమయానికే, మామూలు అభ్యాసమే చేయించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. జీవనాధారమే పోయిన వృత్తి ఆటగాళ్లను అదే క్రమశిక్షణలో నిలిపి, ఇటలీలోకెల్లా బలమైన జట్టును ఓడించేలా తయారుచేయడం ఎంతటి పనో కాబట్టి నాకు కొంత ఊహకు అందుతుంది. ఆ సీజన్‌లో పార్మా ఇరవయ్యో స్థానంలో ముగిసింది. రికార్డు పుస్తకంలో అది దొనడోని పేరు పక్కన చివరి స్థానంగానే ఉంటుంది.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. 2015 అక్టోబర్ చివర్లో పట్టిక అడుగున ఉన్న బొలోన్యాను అందుకుని 14వ స్థానంలో నిలిపారు. ఆ సీజన్‌లోనే వరుసగా 15 లీగ్ మ్యాచ్‌లు గెలుస్తూ వస్తున్న యువెంటస్‌ను 0–0తో ఆపింది ఆయన జట్టే. తర్వాత రెండేళ్లూ 15వ స్థానం, 2018లో విడిపోయారు. 2019లో చైనాలో షెంజెన్ జట్టును మళ్లీ సీజన్ మధ్యలోనే తీసుకున్నారు, ఏడాది తర్వాత అదీ ముగిసింది.

లెక్క వేసుకోండి: లివోర్నో రెండోసారి, నాపొలి, కల్యారి, పార్మా, బొలోన్యా, షెంజెన్. ఆరుసార్లు సీజన్ మధ్యలో, ఇంకొకరిని తీసేసిన చోట కూర్చున్నారు. అంచెలోట్టికి మిలాన్‌లో దాదాపు ఎనిమిదేళ్లు, ఇటలీలోకెల్లా మంచి ఆటగాళ్లు దొరికారు. వాళ్లిద్దరి తెలివితేటల్లో తేడా ఉండవచ్చు, కానీ దొరికిన జట్లలో తేడా అంతకన్నా చాలా పెద్దది. దొనడోని లోపం ఏమిటని నన్ను అడిగితే, మరమ్మతులో ఉన్నంత నేర్పు ఆయనకు కొత్త నిర్మాణంలో లేదని చెబుతాను. ఇది దొనడోని జట్టు అని చూడగానే గుర్తుపట్టగలిగే ఆట ఏదీ ఆయన వదలలేదు. సాక్కి జట్టును పది నిమిషాలు చూస్తే ఎవరిదో చెప్పవచ్చు.

మీ జట్టు వింగర్లకు చూపించడానికి ఏదైనా చెప్పమన్నారు కాబట్టి రెండు చెబుతాను. ఏథెన్స్ ఫైనల్ మొదటి సగాన్ని ఒకసారి బంతిని చూడకుండా, ఎడమ అంచున ఉన్న దొనడోనిని మాత్రమే చూడమనండి. గోల్ గీత దాకా వెళ్లిన ఆ ఒక్క పరుగుకు ముందు, వెనక్కి ఎన్నిసార్లు పరిగెత్తారో కాగితం మీద గీతలు పెట్టమనండి. తర్వాత 2015 ఏప్రిల్ నాటి పార్మా, యువెంటస్ మ్యాచ్ వేసి, బంతి పోయినప్పుడల్లా పార్మా వింగర్లు ఎక్కడికి పరిగెడుతున్నారో అలాగే గీతలు పెట్టించండి. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి కుర్రాళ్లనే మాట్లాడనివ్వండి.